ఎడమ భుజం నొప్పి అంటే గుండె నొప్పేనా? టీనేజ్‌లో తేడా ఎలా తెలుస్తుంది

ఎడమ భుజం లాగుతోందని రాత్రి రెండింటికి గూగుల్ చేసి, గుండెజబ్బు అని చదివి, తెల్లారేదాకా నిద్రపోని ఇంటర్ పిల్లలు చాలామంది ఉన్నారు. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసమే. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ వాడిని, అది గుర్తుపెట్టుకునే వినండి.

అసలు భుజానికీ గుండెకీ లింకేంటి? ఈ రెండింటి నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరతాయి. ఒకే పోర్ట్‌కి రెండు వైర్లన్నమాట. సిగ్నల్ ఎక్కడిదో మెదడుకి తేలదు. అందుకే గుండెపోటు వచ్చిన పెద్దవాళ్లకి చెయ్యి కూడా లాగుతుంది. కానీ కొవ్వు పేరుకుని రక్తనాళాలు మూసుకుపోవడం టీనేజ్‌లో చాలా అరుదు.

కండరం నొప్పయితే ఎక్కడో వేలు పెట్టి చూపించగలరు. నొక్కితే పెరుగుతుంది, చెయ్యి పైకెత్తితే పట్టేస్తుంది. నిన్న ఏం చేశారో ఆలోచించండి. బౌలింగా? జిమ్‌లో కొత్తగా పుషప్సా? బరువు బ్యాగ్ ఒకే భుజానికి వేసుకున్నారా? పక్కకి తిరిగి పడుకుని మూడు గంటలు రీల్స్ చూశారా? (చూసే ఉంటారు.) ఊపిరి పీలిస్తే ఛాతీలో సూదిలా పొడిచి, నిమిషం రెండు నిమిషాల్లో పోయే నొప్పి కూడా ఈ వయసులో మామూలే. అది గుండెది కాదు.

నన్నడిగితే ఎడమా కుడా అన్నది పక్కన పెట్టేయండి. నొప్పి ఎప్పుడు వస్తోందో చూడండి. పరిగెత్తుతుంటే ఛాతీ బిగపట్టి, ఆగితే తగ్గుతోందా? గుండె దడదడలాడి కళ్లు తిరుగుతున్నాయా? ఆటలో స్పృహ తప్పారా? ఇవి సీరియస్. లెబ్రాన్ జేమ్స్ కొడుకు బ్రానీకి 2023 జూలైలో బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్‌లోనే గుండె ఆగింది. వయసు 18. కారణం పుట్టుకతో ఉన్న గుండె లోపం. వెంటనే వైద్యం అందింది కాబట్టి బతికాడు, మళ్లీ ఆడాడు కూడా.

ఇంకో రెండు విషయాలు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా అని అమ్మానాన్నల్ని అడగండి, కొన్ని గుండెజబ్బులు వంశంలో వస్తాయి. వైరల్ జ్వరం తర్వాత ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే గుండె కండరం వాచి ఉండొచ్చు, ఆ రోజే చూపించుకోవాలి.

నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉన్నా, మనిషి పడిపోయినా 108కి కాల్ చేయండి. గ్రౌండ్‌లో పడిపోయి లేచాక పీఈటీ సార్ "ఎండ దెబ్బలేరా" అన్నా సరే, ఇంట్లో చెప్పి ఈసీజీ తీయించుకోండి. ఐదు పది నిమిషాల పని. డాక్టర్ ఓకే అనేదాకా ఆట బంద్.