మందు కొట్టేది మనమే.. తెగులేదో తెలుసుకుందాం

దుబాయ్, దోహా, మస్కట్.. గల్ఫ్‌లో ఎక్కడ పచ్చని లాన్ కనిపించినా దాని వెనక నీళ్లు పట్టే, మిషన్ నడిపే, మందు కొట్టే చేతులుంటాయి. వాటిలో మన నిజామాబాద్, కరీంనగర్, కడప చేతులూ ఉన్నాయి. గడ్డి రంగు మారగానే ఫోర్‌మన్ నోట వచ్చే మాట 'మందు కొట్టండి'. కొట్టేది మనమే కాబట్టి, ఆ మందు మట్టిలో ఏం చేస్తుందో కూడా మనకు తెలిసుండాలి.

ముందు తెగులేదో చూడాలి. రాత్రి ఉక్కపోతలో ఆకుల తడి ఆరకపోతే పిథియం వస్తుంది. తెల్లారేసరికి గడ్డి జిడ్డుగా వాలిపోయి, దూదిలాంటి బూజు కనిపిస్తుంది. పసుపు పండించిన వాళ్లకు ఇది పాత శత్రువే. దుంపకుళ్లు తెచ్చేదీ పిథియం జాతే. నాణెమంత మచ్చలుగా ఎండితే అది డాలర్ స్పాట్. గోధుమ రంగు వలయాలు తిరిగితే బ్రౌన్ ప్యాచ్.

అయితే బూజులన్నీ చెడ్డవి కావు. గడ్డి వేళ్లలో మైకోరైజా అనే మంచి బూజు కాపురం ఉంటుంది. వేళ్లకు అందని చోటికి సన్నని దారాలు పంపి భాస్వరం, నీళ్లు తెచ్చిపెడుతుంది. బదులుగా గడ్డి దానికి చక్కెర ఇస్తుంది. ఏదీ నిలవని ఇసుక నేలలో ఈ సాయం చిన్నది కాదు.

బెనోమిల్, కార్బెండజిమ్ రకం మందులు ఈ మంచి బూజునూ అణచేస్తాయి. మైకోరైజా లేకుంటే గడ్డి ఎలా పెరుగుతుందో చూడాలనుకున్న శాస్త్రవేత్తలు కావాలనే బెనోమిల్ వాడేవారు. దాన్ని తెచ్చిన కంపెనీయే 2001లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

అసలు చిక్కు ఇక్కడుంది. పిథియం చూడ్డానికి బూజులా ఉన్నా నిజమైన బూజు జాతి కాదు. దాని మీద మెటలాక్సిల్ పనిచేస్తుంది, కార్బెండజిమ్ పనిచేయదు. మందు మారిపోతే శత్రువు బతుకుతుంది, మిత్రుడు చస్తాడు. గడ్డి ఇంకా ఎండుతుంది, మాట పడేది మనం.

ఒకే మందు పదేపదే కొట్టినా తెగులు మొండికేస్తుంది. డాలర్ స్పాట్ కార్బెండజిమ్ రకం మందులకు అలాగే లొంగకుండా పోయింది. లేబుల్ మీద గ్రూపు నంబరు ఉంటే చూసి, వేరే గ్రూపు మందు మార్చి కొట్టాలి. మోతాదు దాటొద్దు.

మందు కంటే ముందు నీళ్లు సరిచేయాలి. సాయంత్రం కాకుండా తెల్లవారుజామున పెడితే ఆకు త్వరగా ఆరుతుంది. యూరియా ఎక్కువైతే పిథియం, బ్రౌన్ ప్యాచ్ పెరుగుతాయి. ఆకలితో ఉన్న గడ్డినేమో డాలర్ స్పాట్ పడుతుంది.

ఇక మన ఒంటి సంగతి. గ్లోవ్స్, మాస్కు అడిగి తీసుకుందాం. గాలికి ఎదురు కొట్టొద్దు. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఖాళీ డబ్బా ఎంత బాగున్నా రూముకు తెచ్చి నీళ్లు పట్టొద్దు. గడ్డి పోతే మళ్లీ పరుస్తారు, మన కోసం మాత్రం ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నారు.