బంతి కన్నా ముందు నేల కావాలి

2015 జూన్ 25 రాత్రి న్యూయార్క్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్టు జరిగింది. ప్రపంచంలోనే అత్యంత సంపన్నమైన బాస్కెట్‌బాల్ లీగు తన జట్లకు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వేదిక అది. ఆ రాత్రి 52వ ఆటగాడిగా డల్లాస్ మావెరిక్స్ జట్టు ఎంచుకున్నది పంజాబ్‌లోని బర్నాలా జిల్లా బల్లో కే గ్రామానికి చెందిన సత్నాం సింగ్‌ను. అతనికి అప్పటికి పందొమ్మిదేళ్లు, ఎత్తు ఏడు అడుగుల రెండు అంగుళాలు. భారతదేశంలో పుట్టిన ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. వంద కోట్లలో ఒక్కడని అతన్ని కొనియాడారు. అదే అర్థం వచ్చే పేరుతో మరుసటి ఏడాది ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా వచ్చింది. ఆ పొగడ్తను మనం తిరగేసి చదవాలి. వంద కోట్లు దాటిన జనంలో ఒక్కడే ఎందుకు దొరికాడు? మిగిలినవారిని వెతకడానికి ఎవరైనా ఎప్పుడైనా వెళ్లారా?

సత్నాం తండ్రి బల్బీర్ సింగ్ కూడా ఏడడుగులు దాటిన మనిషే. బాస్కెట్‌బాల్ ఆడమని చెప్పినవారు ఉన్నా, పొలానికి మనిషి కావాలని ఇంట్లో ఒప్పుకోలేదు. తండ్రికి అందనిది కొడుక్కి అందింది. సొంత భూమి, దాని మీద రాబడి ఉన్న రైతు కుటుంబం కనుక, పదేళ్ల ప్రాయంలోనే పిల్లవాడిని లూధియానా బాస్కెట్‌బాల్ అకాడమీకి పంపగలిగింది. అక్కడ డాక్టర్ ఎస్. సుబ్రమణ్యన్ అనే గొప్ప శిక్షకుడు అతన్ని తీర్చిదిద్దారు. ఇందులో ఆ కుటుంబం చేసిన త్యాగాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే 2011 జనాభా లెక్కల ప్రకారం పంజాబ్ జనాభాలో దాదాపు 32 శాతం దళితులు. దేశంలో మరే రాష్ట్రంలోనూ వారి వాటా అంత లేదు. ఆ రాష్ట్రపు సాగుభూమిలో మాత్రం వారి చేతిలో ఉన్నది అత్యల్పం. కూలికి వెళ్లే ఇంట్లో అంతటి ఎత్తరి పుడితే, ఊరి కంటికి అతడు ఎక్కువ బస్తాలు మోయగల మనిషిగానే కనిపిస్తాడు. శరీరం ఒకటే. దానికి అర్థం చెప్పేది భూమి.

2010లో, పద్నాలుగేళ్ల వయసులో, సత్నాం ఉపకారవేతనంతో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. అతనికి ఇంగ్లిష్ రాదు. ఆటలో ముందుకు వెళ్లినా, అమెరికా విశ్వవిద్యాలయాల క్రీడా జట్లలో చేరడానికి అవసరమైన చదువు అర్హత అందుకోలేకపోయాడు. అందుకే కళాశాల దశ లేకుండా నేరుగా డ్రాఫ్టుకు వెళ్లవలసి వచ్చింది. ఇరవై ఏళ్లలోపు ఆటగాడు మెరుగుపడేది ఆ దశలోనే. తర్వాత రెండు సీజన్లు ఎన్‌బీఏ అనుబంధ లీగులోని టెక్సస్ లెజెండ్స్ జట్టులో గడిచాయి. ఎక్కువ కాలం బెంచీ మీదనే. ఎన్‌బీఏ సీజనులో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెనుదిరిగాడు. దేశం తరఫున 2017 ఆసియా కప్పులో, 2018 కామన్‌వెల్త్ క్రీడల్లో ఆడాడు. కొంతకాలం కెనడా లీగులో ఆడాడు. 2019లో డోపింగ్ పరీక్షలో విఫలమై, 2020 డిసెంబరులో రెండేళ్ల నిషేధానికి గురయ్యాడు. 2021లో అమెరికాలో వృత్తి కుస్తీ సంస్థలో చేరాడు. ఇరవై అయిదేళ్లు దాటీ దాటకముందే బాస్కెట్‌బాల్ అతని చేయి జారింది.

ఈ కథను ఒక యువకుడి వైఫల్యంగా చదవడం అన్యాయం. ఒక అసాధారణ శరీరాన్ని వెతికి పట్టుకుని, దాని చుట్టూ సంతను చూసుకున్న పద్ధతి ఇది. వేలమంది ఆడితే వందమంది మెరుగుపడతారు, వందమందిలోంచి పదిమంది వృత్తి క్రీడాకారులవుతారు. ఆ వేలమంది ఆడే నేల మన దగ్గర లేదు. నేల ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఈ దేశంలో కులం ప్రశ్న కాకుండా పోదు.

నిజానికి బాస్కెట్‌బాల్ పేదవాడికి అందవలసిన ఆట. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ దీన్ని రూపొందించినప్పుడు కావలసి వచ్చినవి ఒక బంతి, రెండు పీచ్ పండ్ల బుట్టలు. క్రికెట్‌కు కావలసినంత మైదానం దీనికి అక్కరలేదు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల గట్టి నేల, 3.05 మీటర్ల ఎత్తున ఇనుప చట్రం ఉంటే చాలు. సగం కోర్టు ఉన్నా ఆరుగురు ఆడుకోవచ్చు. అమెరికా నగరాల్లో నల్లజాతి పేటల పార్కుల్లో, బడి ఆవరణల్లో ఇలాంటి కోర్టులు వెలిశాయి. 1950 అక్టోబర్ 31న ఎర్ల్ లాయిడ్ ఎన్‌బీఏలో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. ఈనాడు ఆ లీగులో ఎక్కువ మంది నల్లజాతివారే. జాతి వివక్ష అక్కడ అంతరించిందని కాదు. 1961లో బిల్ రసెల్‌కూ సహచరులకూ కెంటకీలోని లెక్సింగ్టన్‌లో కాఫీ షాపు వడ్డన నిరాకరిస్తే, వారు మ్యాచ్ ఆడకుండా వెళ్లిపోయారు. అవమానం ఉన్నా కోర్టు మాత్రం వీధిలో ఉంది. తాళం లేని ఆ కోర్టే తరాల ఆటగాళ్లను కన్నది.

మన దేశానికి ఈ ఆట వైఎంసీఏల ద్వారానే వచ్చింది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాల దాన్ని వ్యాపింపజేసింది. మిషనరీ బడులూ కళాశాలలూ, సైన్యం, పోలీసు, రైల్వే దాన్ని నిలబెట్టాయి. హైదరాబాద్‌లోనూ నారాయణగూడ వైఎంసీఏ, చాదర్‌ఘాట్ దగ్గరి విక్టరీ ప్లేగ్రౌండ్ వంటి చోట్ల అది బతికింది. ఇప్పుడు కొత్త కోర్టులు కనిపించేది గేటెడ్ కమ్యూనిటీల లోపల, లక్షల రుసుము వసూలు చేసే అంతర్జాతీయ పాఠశాలల లోపల. అమెరికాలో వీధి ఆటగా పెరిగింది, మన దగ్గర కావలివాడున్న గేటు వెనక్కి చేరింది.

మాదన్నపేటను చూడండి. గోల్కొండ చివరి సుల్తాను తానీషా మంత్రి మాదన్న పేరును మోస్తున్న పేట. కూరగాయల మండీ, ఇరుకు గల్లీలు, చిన్న పనులు చేసుకు బతికే కుటుంబాలు. ముస్లింలలోని వెనుకబడిన సమూహాలు, దళితులు, బీసీలు పక్కపక్కన ఉండే పాతబస్తీ ఇది. ఇక్కడ కుతుబ్‌షాహీల నాటి పాత ఈద్‌గా ఉంది. పాతబస్తీలో పిల్లవాడికి తెరిపి నేల కనిపించేది ఎక్కువగా ప్రార్థనా స్థలాల దగ్గర, శ్మశానాల దగ్గర. ప్రభుత్వ బడుల్లో అనేకం ఇరుకు భవనాల్లో నడుస్తున్నాయి. మండీలో తెల్లవారుజామున బుట్టలు దించే కుర్రాడి భుజబలాన్ని ఏ అకాడమీ వచ్చి కొలుస్తుంది?

ఇక్కడి ఆడపిల్లలకు ఇంకో గోడ ఉండేది. తలకు ఏ వస్త్రమూ ఉండరాదన్న అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ నిబంధన వల్ల 2014 ఆసియా క్రీడల్లో ఖతార్ మహిళల జట్టు హిజాబ్ తీయక మ్యాచ్ వదులుకుంది. అదే ఏడాది ఆసియా కప్పులో మన సిక్కు ఆటగాళ్లు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్‌ల చేత తలపాగా తీయించారు. ఆ నిరసనల ఫలితంగా 2017లో నిబంధన మారింది. ప్రపంచ సంస్థ తన తలుపు తెరిచింది. మాదన్నపేట అమ్మాయికి ఆ తలుపు దాకా నడిచే దారి వేయవలసింది ఇక్కడి ప్రభుత్వం.

ఆడిన తర్వాత బతుకు మాటేమిటి? భారతీయ బాస్కెట్‌బాల్‌లో వృత్తి అంటే చాలాకాలంగా రైల్వే, ఓఎన్‌జీసీ, బ్యాంకు, పోలీసు శాఖల్లో క్రీడా కోటా కొలువు. జీతం, పింఛను, గాయమైతే వైద్యం, ఆట అయిపోయాక కుర్చీ. కింది కులాల యువతకు ఆట మీద ధైర్యం ఇచ్చింది ఆ కొలువే. ప్రైవేటు లీగులు వస్తూ పోతూ ఉన్నాయి. 2015లో మొదలైన యూబీఏ లీగులో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. 2017 తర్వాత ఆ లీగే లేదు. ఇటీవలి ఐఎన్‌బీఎల్‌లో హైదరాబాద్ ఫాల్కన్స్ పేరుతో జట్టు వచ్చింది. మంచిదే. కానీ కొన్ని వారాల ఒప్పందం మీద ఇల్లు గడవదు. తండ్రి వ్యాపారం వెనక ఉన్నవాడు ఆ అనిశ్చితిని భరిస్తాడు, తండ్రి హమాలీ అయినవాడు భరించలేడు. ప్రభుత్వ రంగం కుదించుకుపోయిన కొద్దీ రిజర్వేషన్ పోస్టులతో పాటు క్రీడా కోటా పోస్టులూ కరిగిపోతాయి.

ఆటలో కులమేమిటి, ప్రతిభ ఒక్కటే కదా అనేవారు ఎప్పుడూ ఉంటారు. పల్వంకర్ బాలూ తొలినాళ్లు వారికి గుర్తుచేయాలి. పూనాలో తెల్లవారి క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి మైదానం పని చేస్తూ బౌలింగ్ నేర్చిన చర్మకార యువకుడు ఆయన. వికెట్లు కావలసి వచ్చి హిందూ జట్టు చేర్చుకుంది. టీ మాత్రం బయట, వాడి పారేసే మట్టి ముంతలో ఇచ్చింది. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టుకు నాయకత్వం ఆయనకు దక్కలేదు. అది పాత కాలమంటారా? 2021లో ఒలింపిక్ సెమీఫైనల్లో మన మహిళా హాకీ జట్టు ఓడిన వెంటనే వందనా కటారియా ఇంటి ముందు కులం పేరుతో దూషణలు సాగాయి. 2016లో పి.వి. సింధు రజతం గెలిచిన రోజున ఆమె కులమేదని అంతర్జాలంలో విపరీతంగా వెతికింది మన తెలుగు రాష్ట్రాలవారే. గెలిస్తే మనవాళ్లేనా అని వెతుకుతాం, ఓడితే మీవాళ్లేనని తిడతాం. ఆట మొదలుకాకముందు ఎవరికి నేల లేదో మాత్రం వెతకం.

అవకాశం ఇస్తే ఏమవుతుందో తెలంగాణకు తెలుసు. 2014లో పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచిన అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. ఇద్దరినీ నిలబెట్టింది ప్రజల సొమ్ముతో నడిచే వసతి, తిండి, శిక్షణ. సత్నాంకు లూధియానాలో దొరికినదీ అలాంటి నీడే. తేడా ఏమిటంటే గురుకులం ఒక్కడిని వెతకదు, అందరినీ చేర్చుకుని అందులోంచి పైకి తెస్తుంది.

కనుక రాష్ట్ర ప్రభుత్వం ముందున్న పని స్పష్టం. 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన కులసర్వే ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం. క్రీడా పాఠశాలల్లో, క్రీడా కోటా ఉద్యోగాల్లో, రాష్ట్ర జట్లలో వీరి వాటా ఎంతో కూడా అదే విధంగా లెక్కించి ప్రకటించాలి. పాతబస్తీలో ప్రతి వార్డుకూ తాళం లేని ఒక కోర్టు కట్టాలి. స్థలమున్న ప్రభుత్వ బడుల ఆవరణలను సాయంత్రం పూట దీపాలతో తెరిచి, జీతమిచ్చి ఒక శిక్షకుడినీ ఒక శిక్షకురాలినీ నియమించాలి. క్రీడా విశ్వవిద్యాలయం గురించి మాట్లాడే ప్రభుత్వానికి 420 చదరపు మీటర్ల నేల పెద్ద భారం కాదు. ఆ కొలతను అడిగే గొంతు మాదన్నపేట నుంచి, విద్యార్థి సంఘాల నుంచి లేవాలి. వంద కోట్లలో ఒక్కడు దొరికాడని మురిసే దేశం, మిగిలినవారికి బాకీ ఉన్నది ఆ నేలే.