కరెంటు ఎవరి దగ్గర కొనాలి?

మన దగ్గర కొత్త ఇంట్లో దిగితే బియ్యం ఎక్కడ కొనాలి, గ్యాస్ ఏ ఏజెన్సీలో తీసుకోవాలి అని ఆలోచిస్తాం గానీ, కరెంటు ఎవరి దగ్గర కొనాలన్న ప్రశ్న రాదు. విశాఖలో ఈపీడీసీఎల్, వరంగల్‌లో ఎన్‌పీడీసీఎల్. తీగ వాళ్లదే, మీటరు వాళ్లదే, బిల్లూ వాళ్లదే. రేటు మాత్రం విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో చాలా చోట్ల పరిస్థితి ఇలా ఉండదు. మా అమ్మాయి కుటుంబం డాలస్ పక్కన ప్లేనోలో ఉంటుంది. నేను సెలవు మీద అక్కడికి వెళ్లినప్పుడు వాళ్ల కరెంటు కాంట్రాక్టు గడువు దగ్గర పడింది. ‘నాన్నా, వడ్డీ లెక్కలు చూసే మీరే ఇవీ చూడండి’ అంటూ పన్నెండు నెలల బిల్లులు నా ముందు పెట్టింది. వాటితో కూర్చున్నాక తెలిసిందేమిటంటే, ఇది అచ్చం మనం రోజూ చేసే అప్పుల పోలిక లాంటి పనే. మన పిల్లలు, మన ఎన్నారై ఖాతాదారులు చాలామంది అక్కడే ఉన్నారు కనుక ఆ లెక్కను మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో చూద్దాం. టెక్సస్ శాసనసభ 1999లో చట్టం చేసింది. 2002 జనవరి నుంచి రిటైల్ పోటీ మొదలైంది. కరెంటు వ్యాపారాన్ని మూడు ముక్కలు చేశారు. ఉత్పత్తి చేసేవారు ఒకరు, తీగలూ స్తంభాలూ మీటర్లూ చూసేవారు ఇంకొకరు, ఇంటికి అమ్మి బిల్లు వేసేవారు మరొకరు. తీగల సంస్థకు పోటీ లేదు. డాలస్ ప్రాంతంలో అది ఆన్‌కార్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. అమ్మేవారు మాత్రం పదుల సంఖ్యలో ఉన్నారు. ఎవరి దగ్గర కొన్నా ఇంటికి వచ్చే కరెంటు అదే తీగ మీద వస్తుంది. చవక కంపెనీకి మారితే సరఫరా తరచూ పోతుందన్న భయం అక్కర్లేదు. కరెంటు పోతే ఫిర్యాదు వెళ్లేది తీగల సంస్థకే. అందువల్ల ఇక్కడ మనం ఎంచుకునేది కరెంటును కాదు, ధరనూ షరతులనూ. ఆస్టిన్, శాన్ ఆంటోనియో వంటి నగరాల్లో స్థానిక సంస్థే సరఫరాదారు కాబట్టి అక్కడ ఈ ఎంపిక లేదు.

ధరలు పోల్చుకోవడానికి రాష్ట్ర నియంత్రణ సంస్థే ‘పవర్ టు చూజ్’ అనే వెబ్‌సైటు నడుపుతోంది. ప్రతి ప్లానుకూ ‘ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్’ అనే పత్రం తప్పనిసరి. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ రుణాలన్నిటికీ మనం ఇస్తున్న కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌కు అది అన్నదమ్ముల వరస. నెలకు 500, 1000, 2000 యూనిట్లు వాడితే సగటున యూనిట్ ఎంత పడుతుందో అందులో వేస్తారు. చిక్కంతా ఈ మూడు అంకెల మధ్యనే ఉంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మొదటి ప్లానులో తీగల చార్జీతో కలిపి యూనిట్ 18 సెంట్లు. అయితే నెలలో 1000 యూనిట్లు దాటితే 100 డాలర్ల తగ్గింపు. సరిగ్గా 1000 యూనిట్ల దగ్గర 180 డాలర్లలో 100 పోయి 80 మిగులుతాయి, అంటే యూనిట్ 8 సెంట్లే. 1000 యూనిట్ల ధర చూసి వరస పేరిస్తే ఈ ప్లానే పైన కనిపిస్తుంది. రెండో ప్లానులో ఎంత వాడినా యూనిట్ 14 సెంట్లు, తగ్గింపు లేదు.

ఇప్పుడు ఒక ఇల్లు వేసవి నాలుగు నెలలు నెలకు 2000 యూనిట్లు, మిగతా ఎనిమిది నెలలు 700 యూనిట్లు వాడుతుందనుకోండి. మొదటి ప్లానులో వేసవి బిల్లు నెలకు 260 డాలర్లు, మిగతా నెలల్లో తగ్గింపు రాదు కాబట్టి 126. ఏడాదికి 2,048 డాలర్లు. రెండో ప్లానులో 280, 98 చొప్పున ఏడాదికి 1,904 డాలర్లు. 8 సెంట్లని కనిపించిన ప్లాను 14 సెంట్ల ప్లాను కంటే 144 డాలర్లు ఎక్కువ తీసుకుంది. టీజర్ రేటు చూసి ఇంటి రుణం తీసుకునే ఖాతాదారుకు మనం చెప్పే మాటే ఇక్కడా వర్తిస్తుంది. ప్రకటనలో అంకె కాదు, మన ఏడాది ఖర్చు లెక్క కట్టాలి. మా అమ్మాయి బిల్లులతో ఇలాగే లెక్క వేసి, తగ్గింపుల జోలికి పోకుండా ఏడాది స్థిర ధర ప్లాను తీసుకున్నాం.

స్థిర ధర ఎందుకంటే, దానికో పాఠం ఉంది. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సస్‌లో విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. టోకు మార్కెట్లో ధర గరిష్ఠ పరిమితికి, అంటే యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది. టోకు ధరనే నేరుగా ఇళ్లకు వేసే గ్రిడ్డీ అనే కంపెనీ ఖాతాదారుల్లో కొందరికి కొద్ది రోజుల్లోనే వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఇళ్లకు అలాంటి ప్లాన్లు అమ్మకూడదని అదే ఏడాది చట్టం వచ్చింది. మామూలు రోజుల్లో చవకగా ఉన్న రేటు వెనుక రిస్కు ఎవరి నెత్తిన ఉందో చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

సంతకం చేసే ముందు చూడవలసినవి ఇవి:

• పన్నెండు నెలల వాడకం దగ్గర పెట్టుకుని ఏడాది మొత్తం ఖర్చు లెక్క కట్టాలి.
• ధర స్థిరమా, నెలనెలా మారేదా తేల్చుకోవాలి.
• మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చూడాలి. ఇది మన ప్రీ-క్లోజర్ చార్జీ వంటిది. ఇల్లు మారినట్టు రుజువు చూపితే ఆ రుసుము ఉండదు. గడువు ముగిసే చివరి 14 రోజుల్లో వేరే కంపెనీకి మారినా ఉండదు.
• గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి. పట్టించుకోకుండా వదిలేస్తే నెలనెలా మారే ధరలోకి జారిపోతాం. అది సాధారణంగా ఖరీదే.

మన దేశంలోనూ ఈ ఎంపిక పూర్తిగా కొత్తది కాదు. ముంబైలో కొన్ని ప్రాంతాల్లో 2009 నుంచే గృహ వినియోగదారులు ఒక కంపెనీ తీగ మీద ఉంటూనే మరో కంపెనీ నుంచి కరెంటు కొనుక్కోగలుగుతున్నారు. అక్కడికి బదిలీ మీద వెళ్లే సహోద్యోగులు యూనిట్ ధరతో పాటు వీలింగ్ చార్జీ, సర్‌చార్జీలు కూడా కలిపి చూసుకోవాలి. 2003 విద్యుత్ చట్టం ఓపెన్ యాక్సెస్‌కు దారి తెరిచింది. 2022 నాటి నిబంధనలు హరిత విద్యుత్తుకు ఆ పరిమితిని 100 కిలోవాట్లకు దించాయి. అంటే మన చిన్న పరిశ్రమల ఖాతాదారుల్లో కొందరికి ఈ తలుపు ఇప్పటికే తెరిచి ఉంది. రేపు అలాంటి ఖాతాదారు ‘యూనిట్ చవకగా వస్తుంది సార్’ అంటూ ప్రాజెక్టు రిపోర్టు తెస్తే, ఆ ఒక్క అంకెతో ఆగకుండా వీలింగ్ చార్జీ, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ, ఒప్పందం గడువు కూడా అడుగుదాం. అతని లాభం, మన రుణం రెండూ ఆ లెక్క మీదే నిలబడతాయి.