దినమును బట్టి యర్థము: కతోలిక సువిశేష ప్రసంగములు

కార్తిక పురాణమునకు ముప్పది యధ్యాయములు. మాసమునకు ముప్పది దినములు. దినమున కొక యధ్యాయము చదివి తాత్పర్యము చెప్పుట మన యూళ్లలో పరిపాటి. అచ్చట గ్రంథమే దినములకొరకు కూర్పబడినది. కతోలిక దేవాలయములలో ఆదివారమునాడు జరుగు సువిశేష పఠనమును, దాని వెంబడి గురువు చేయు ప్రసంగమును పైకి చూచుటకు ఇట్టివే. కాని యచ్చటి క్రమము వేరు. మత్తయి, మార్కు, లూకా, యోహాను సువిశేషములు ముందుగా నున్నవి. సంవత్సర చక్రము తరువాత నేర్పడినది. ఏ యాదివారమునకు ఏ భాగమో పెద్దలు గ్రంథమునుండి విడదీసి యిచ్చినారు. ఆ విడదీయుట యెచ్చట జరిగినది, ఆ భాగమును ఏ దినమున చదివిరి అను రెండు విషయములును, ప్రసంగము చేయువాడు నోరు తెరవక మునుపే యర్థమును సగము నిర్ణయించి యుంచును. ఇట్టి ప్రసంగములను కేవలము బైబిలు వ్యాఖ్యానములుగా చదువుట మన పరిశోధక విద్యార్థులలో కద్దు. అట్లు చదివినచో జారిపోవు దానిని రెండు పఠనముల మూలమున చూపుట యీ వ్యాసమున నా యుద్దేశము.

1570లో ఐదవ పయస్ పోపు ప్రకటించిన పూజాగ్రంథమున పఠనములు ఏటేట అవియే తిరిగి వచ్చుచుండెను. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన శాసనము, బైబిలు నిధిని జనులకు మరింత విరివిగా తెరవవలెనని విధించినది. ప్రసంగము ఆరాధనలో భాగమే యనియు చెప్పినది. దాని ఫలముగా 1969లో వెలువడిన క్రమము మూడేండ్లది. మొదటి యేడు మత్తయి, రెండవ యేడు మార్కు, మూడవ యేడు లూకా. క్రీస్తు శక సంవత్సరమును మూడింట భాగింపగా ఒకటి శేషించినచో మత్తయి, రెండు శేషించినచో మార్కు, ఏమియు శేషింపనిచో లూకా. 2026 మత్తయి సంవత్సరము. అయితే యీ యేడు జనవరితో గాక, క్రిస్మసునకు ముందు వచ్చు ఆగమన కాలపు మొదటి యాదివారముతో మొదలగును. యోహానునకు ప్రత్యేకముగా నొక యేడు లేదు. తపస్కాలమునను, పాస్కా కాలమునను ఆ గ్రంథము హెచ్చుగా వినిపించును. మార్కు చిన్న గ్రంథమగుటచే, ఆ యేట ఐదు ఆదివారములు యోహాను ఆరవ యధ్యాయము చదువుదురు. ఐదు వారములు వరుసగా రొట్టెను గూర్చియే మాటాడవలసి వచ్చిన గురువు ఇబ్బంది, పురాణము చెప్పినవారికి సులభముగానే తెలియును.

దినము అర్థమును మార్చుటకు యేసు దివ్యరూపధారణ ఘట్టము మంచి నిదర్శనము. మత్తయి సంవత్సరమున నీ ఘట్టము రెండు మారులు వచ్చును: తపస్కాలపు రెండవ యాదివారమున ఒకమారు, ఆగస్టు 6 నాటి పండుగకు ఒకమారు. రెండింటను చదువునవి అవే తొమ్మిది వచనములు, 17వ యధ్యాయము మొదటినుండి. ఒక్క అక్షరము భేదము లేదు. కాని తపస్కాలమున దీనికి ముందు చదువునది అబ్రాము స్వదేశము విడిచి తెలియని చోటికి బయలుదేరిన కథ. ఆగస్టున చదువునది దానియేలు కాంచిన దర్శనము, అగ్నిమయమైన సింహాసనము. అందుచే తపస్కాల ప్రసంగము కొండ దిగుటపై నిలుచును: శిష్యులు చూచిన కాంతి ముందున్న సిలువను భరించుటకు ఇచ్చిన బత్తెము వంటిది. ఐదవ శతాబ్దమున లియో పోపు తపస్కాలమున చేసిన ప్రసంగమున నీ యర్థమే ప్రధానము. సిలువవలన శిష్యుల హృదయములు తొట్రుపడకుండుటకే యీ దర్శనమని యాయన వివరించెను. ఆగస్టు ప్రసంగము కొండమీదనే యుండి కాంతిని వర్ణించును. ఈ రెంటిని పక్కపక్కన నుంచి, ఒకటి లోతైనదనియు మరియొకటి అలంకారప్రాయమనియు తీర్పు చెప్పువారు దినములను మరచినవారు.

ఇక విడదీయుట సంగతి. దీనికి యోహాను తొమ్మిదవ యధ్యాయమును, పుట్టు గ్రుడ్డివాని కథను మించిన యుదాహరణము నాకు కానరాదు. ఈ కథకును, పాస్కా రాత్రి జ్ఞానస్నానము పొందగోరువారికిని సంబంధము మిక్కిలి ప్రాచీనము. యేసు గ్రుడ్డివాని కన్నులకు బురద పూసి, సిలోయము కోనేటికి పోయి కడుగుకొనుమని పంపెను. పూతకును, స్నానమునకును నడుమ నున్నవాడే జ్ఞానస్నానార్థి యని అగస్టీను తన యోహాను ప్రసంగములలో చూపించెను. 1570 నాటి క్రమమున నీ కథ తపస్కాలపు నాలుగవ వారమున బుధవారమునకు చేరియుండెను. 1969లో మత్తయి సంవత్సరపు నాలుగవ యాదివారమునకు వచ్చినది. ఇది చక్కని సంస్కరణము.

కాని యా యధ్యాయమున 41 వచనములున్నవి. సమయాభావమును బట్టి సంక్షిప్త పఠనమును గూడ అనుమతించిరి: 1, 6 నుండి 9, 13 నుండి 17, 34 నుండి 38, వెరసి 15 వచనములు. పోయినవేవో చూడుడు. రెండవ వచనమున శిష్యులు, వీడు గ్రుడ్డివాడై పుట్టుటకు పాపము చేసినది వీడా, వీని తలిదండ్రులా యని యడుగుదురు. ఏ జన్మలో చేసిన పాపమో యను మాటకు అలవాటుపడిన తెలుగు శ్రోత చెవి నిక్కించు చోటిదియే. ఎవరును కారని యేసు సమాధానము. ఆ ప్రశ్నయు, ఆ సమాధానమును సంక్షిప్త పఠనమున లేవు. కాని 34వ వచనము మాత్రము నిలిచినది. అందు పరిసయ్యులు, నీవు పూర్తిగా పాపములో పుట్టినవాడవని వానిని తిట్టి వెళ్లగొట్టుదురు. నింద వినిపించును, నిందకు జవాబు వినిపింపదు! చివర 41వ వచనమున, చూచుచున్నామనువారి పాపమే నిలిచియున్నదని యేసు ఆ పాపపు మాటను వారిపైకే త్రిప్పును. అదియు పోయినది.

మరియొక నష్టము కథానిర్మాణమునకు సంబంధించినది. గ్రుడ్డివాడు తనను బాగుచేసినవానిని మొదట యేసను మనుష్యుడనును (11), పిదప ప్రవక్త యనును (17), దేవునియొద్దనుండి వచ్చినవాడు కానిచో ఏమియు చేయజాలడనును (33), తుదకు విశ్వసించి మ్రొక్కును (38). కంటిచూపు ఒక్కమారే వచ్చినది; లోచూపు మెట్టుమెట్టుగా వచ్చినది. సంక్షిప్త పఠనమున మొదటి మెట్టును, మూడవ మెట్టును లేవు. సమాజమందిరమునుండి వెలివేయుదురన్న భయముతో తలిదండ్రులు తప్పించుకొను ఘట్టమును (18 నుండి 23) తొలగినది. కావున 34లో వానిని ఎందులకు వెళ్లగొట్టిరో కారణము సరిగా తెలియదు. మీరును ఆయన శిష్యులు కాగోరుచున్నారా యని ఆ భిక్షకుడు విద్వాంసులను ఎత్తిపొడుచుట సువిశేషములలోని అరుదైన హాస్య ఘట్టములలో నొకటి. దానిని గూడ కాలమును పొదుపు చేయుటకు బలి యిచ్చిరి. విడువదగిన వచనములు ఏ యధ్యాయముననైన కొన్ని యుండవచ్చును, ఈ యధ్యాయమున మాత్రము అవి యివి కావు.

పఠనమును చదువునది పూర్తిగానా, సంక్షిప్తముగానా యనుట స్థానిక గురువు నిర్ణయించు విషయము. కనుక అచ్చయిన ప్రసంగ సంపుటమున శీర్షిక క్రింద యోహాను 9 అని మాత్రమే యున్నచో, ఆ యాదివారమున జనులు 41 వచనములు వినిరో, 15 వినిరో శీర్షిక చెప్పదు. ప్రసంగములోనే వెదకవలెను. శిష్యుల ప్రశ్నను, తలిదండ్రుల భయమును వక్త తన మాటలలో మొదటినుండి పూసగ్రుచ్చినట్లు చెప్పినచో, అవి ఆనాటి పఠనమున లేకపోవుటచేతనే చెప్పినాడని యూహింపవచ్చును. అందరును విన్న విషయమువలె ఒక్క సూచనతో దాటిపోయినచో, పూర్ణ పఠనమే జరిగియుండును.