ఆర్మ్ లిఫ్ట్: వదులైన చర్మం పోతుంది, పొడవాటి మచ్చ మిగులుతుంది

బాగా బరువు తగ్గినవారిలోను, వయసు పైబడినవారిలోను జబ్బల కింది చర్మం వదులై వేలాడటం తరచుగా కనిపిస్తుంది. ఒకసారి బిగువు కోల్పోయిన చర్మం వ్యాయామంతో తిరిగి పూర్వస్థితికి రాదు. లోపలి కండరం గట్టిపడుతుందే గాని, పైచర్మం అలాగే మిగిలిపోతుంది. ఆ అదనపు చర్మాన్ని కోసి తొలగించే శస్త్రచికిత్సను బ్రాకియోప్లాస్టీ అంటారు. ఆర్మ్ లిఫ్ట్ అన్నది దాని వాడుక పేరు.

ఇది బరువు తగ్గించే చికిత్స కాదు. శరీర బరువు కనీసం 6 నెలలుగా నిలకడగా ఉన్న తరువాతే దీనిని గురించి ఆలోచించాలి. బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవారు సాధారణంగా 12 నుంచి 18 నెలలు ఆగవలసి ఉంటుంది. చర్మం బిగువుగానే ఉండి కొవ్వు మాత్రమే అధికంగా ఉన్నవారికి లైపోసక్షన్ ఒక్కటే సరిపోవచ్చు.

నిర్ణయానికి ముందు అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసింది మచ్చ గురించే. కోత సాధారణంగా చంక నుంచి మోచేతి వరకు, జబ్బ లోపలి వైపున గాని వెనుక వైపున గాని సాగుతుంది. చేతులు దించి ఉన్నప్పుడు అది అంతగా కనబడదు, పైకెత్తితే కనబడుతుంది. పొట్టి చేతుల రవిక దానిని పూర్తిగా కప్పలేదు. తొలి నెలల్లో మచ్చ ఎర్రగా లేదా నల్లగా, ఉబ్బుగా ఉండి, ఏడాది నుంచి ఏడాదిన్నర కాలంలో క్రమంగా నెమ్మదిస్తుంది. చామనఛాయ, నలుపు చర్మం గలవారిలో మచ్చ నల్లబడటం, కీలాయిడ్‌గా పెరగటం ఎక్కువ. చెవులు కుట్టించుకున్న చోటనో, పాత గాయం మీదనో కీలాయిడ్ వచ్చినవారు ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పాలి. ప్రకటనల్లోని ఛాయాచిత్రాలలో చేతులు ఎక్కువగా కిందికే ఉంటాయన్నది గమనించదగినది.

శస్త్రచికిత్స తరచుగా పూర్తి మత్తులో జరుగుతుంది. లోపల చేరే ద్రవం బయటికి పోవడానికి కొందరికి కొన్ని రోజులు సన్నని గొట్టాలు అమర్చుతారు. తొలి వారంలో నొప్పి, వాపు, కమిలిన మరకలు సహజం. తల దువ్వుకోవడానికీ, పై అరలోని డబ్బా అందుకోవడానికీ మరొకరి సహాయం కావాలి. బిగుతైన ప్రత్యేక తొడుగును కొన్ని వారాలు ధరించాలి. కూర్చుని చేసే ఉద్యోగాలవారు 1 నుంచి 2 వారాల్లో పనికి వెళ్లగలరు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంటిపిల్ల వంటి బరువులు మాత్రం 4 నుంచి 6 వారాల వరకు ఎత్తరాదు.

కుట్లు విడిపోవడం, చర్మం కింద ద్రవం చేరడం, చీము పట్టడం, ముంజేతి లోపలి వైపు స్పర్శ తగ్గడం సంభవించవచ్చు. జ్వరం, ఒక్క చేయే హఠాత్తుగా వాయడం, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పొగతాగేవారిలో గాయం మానడం ఆలస్యమవుతుంది కనుక కొన్ని వారాల ముందే మానివేయమంటారు. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో చంకలోని గ్రంథులు తీయించుకున్నవారికి ఈ శస్త్రచికిత్స తగకపోవచ్చు.

చేసేవారు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. అర్హత పొందినవారేనా, రాష్ట్ర వైద్య మండలిలో నమోదయ్యారా అని అడగటంలో మొహమాటం అక్కరలేదు. మత్తు ఎవరు ఇస్తారు, అత్యవసరమైతే ఏర్పాట్లేమిటి అన్నవీ అడగవలసినవే.

అందం కోసం చేయించుకునే శస్త్రచికిత్సలను ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికి, లేదా ఆరోగ్యానికి ప్రత్యక్ష ముప్పు ఉందని చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించిన సందర్భానికి మాత్రమే మినహాయింపు వర్తించదు. చర్మపు మడతల్లో పదే పదే పుండ్లు పడుతున్నవారు ఆ వివరాలను వైద్య పత్రాల్లో నమోదు చేయించుకుని, శస్త్రచికిత్సకు ముందే బీమా సంస్థ నుంచి లిఖితపూర్వకంగా సమాధానం తీసుకోవడం మేలు.