గ్రంథాలయపు పన్ను – డిజిటల్ పుస్తకములు

కర్షక సోదరులు ఏటేట ఇంటిపన్ను చెల్లించుచున్నారు. దానితోపాటు గ్రంథాలయపు పన్నుకూడ వసూలగుచున్నదని ఎరిగినవారు కొలదిమందియే. 1948 నాటి మద్రాసు చట్టముతో ఈ పద్ధతి మన ప్రాంతమున మొదలయ్యెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము దానిని కొనసాగించెను. ఇప్పటి రేటు ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. అనగా 1,000 రూపాయల పన్నుగల గృహస్థు 80 రూపాయలు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాడు. అట్టి ఇండ్లు 500 ఉన్న గ్రామమునుండి ఏటికి 40,000 రూపాయలు రావలెను.

ఈ సొమ్మును పంచాయతీగాని పురపాలక సంఘముగాని వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణముల శాఖలకును, పల్లెల శాఖలకును పుస్తకములు, పత్రికలు సమకూర్చునది ఆ సంస్థయే. ఈ జమ ఆలస్యమగుట మన రాష్ట్రమున చిరకాలపు లోపము. లాకువద్ద నీరు వదలినను బోదె పూడియున్నచో శివారు చేను ఎండును, ఇదియు నట్టిదే.

“పుస్తకములన్నియు చేతిఫోనులోనే యున్నవిగదా, గ్రంథాలయమేల?” అని కొందరడుగుదురు. ఇందు కొంత నిజము కలదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున వేలకొలది పాత తెలుగు గ్రంథముల పుటలు కంప్యూటరు ప్రతులైనవి. వానిలో పెక్కింటిని ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా చదువవచ్చును. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. నడుపు జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018లో జాతికి అంకితమైనది.

అయినను మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది, మన దేశమున రచయిత గతించిన పిమ్మట 60 సంవత్సరములవరకు గ్రంథస్వామ్యముండును. కావున ఉచితముగా దొరకువానిలో పాతవే అధికము. చేపల చెరువులను గూర్చియు, వరి తెగుళ్లను గూర్చియు ఇటీవల వెలువడిన గ్రంథములలో పెక్కింటిని కొనియే తీరవలెను. రెండవది, చిన్న తెరపై పాత అచ్చు చదువుట వృద్ధులకు కష్టము. పెద్ద తెర, ఇంటర్నెట్ సౌకర్యము, వెదకి చూపు మనిషి కావలెను. మూడవది, కొల్లేటి లంకగ్రామములవారికి వానకాలమున పట్టణమునకు పోవుట ప్రయాస. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవపై పుస్తకములనుంచి కాలువగట్టు గ్రామములకు చేర్చిరి. పుస్తకమే పాఠకుని వెదకికొని పోవలెనను ఆ సూత్రము నేటికిని వర్తించును. ఈ మూడింటికిని ధనము కావలెను.

కావున గ్రామసభలో సభ్యులు రెండు ప్రశ్నలు వేయవలెను. నిరుడు వసూలైన గ్రంథాలయపు పన్ను ఎంత? అందు సంస్థకు జమయైనది ఎంత? జవాబు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టిన 30 దినములలో వ్రాతమూలముగా పొందవచ్చును. బాకీ తేలిన పిమ్మట మన శాఖకు కంప్యూటరును, క్రొత్త వ్యవసాయ గ్రంథములను కోరుడు. అది యాచన కాదు. మనము చెల్లించిన సొమ్మునకు లెక్క అడుగుటయే.