ఎవరి చేతికి ఏ పత్రిక?

మా పెదనాన్నగారింటి అటక మీద ఒక ట్రంకు పెట్టె నిండా పాత పత్రికలుండేవి. ‘యువ’ సంచికల్లో చాలావాటికి అట్టల్లేవు. ఎలుకలు కొట్టేశాయేమో అనుకునేవాణ్ణి. సంగతి తర్వాత తెలిసింది: వడ్డాది పాపయ్యగారి బొమ్మ అట్ట మీద కనిపిస్తే చాలు, పెద్దమ్మ జాగ్రత్తగా కోసి ఫ్రేము కట్టించేదట. ‘ఆంధ్రప్రభ’ వారపత్రికల్లో అయితే లోపలే కిటికీల్లా ఖాళీలు. మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ ఉన్న మేర కత్తెర పడింది. నలభై ఏళ్లకు పైగా నడిచిన ఆ శీర్షిక ముక్కలు మా వంటింటి అలమరలో, పోపుల డబ్బా పక్కన, నూనె మరకలతో బతికాయి.

ఇప్పుడు ఎవరైనా ‘ఇంటికి ఏ పత్రిక తెప్పించుకోమంటారు?’ అని అడిగితే నాకు ముందు ఆ కిటికీలే గుర్తొస్తాయి. చదివాక చేతులు ఏదో ఒక పనిలో పడాలి. అలాంటి పత్రికకే చందా కట్టాలని నా నమ్మకం. సమాచారం ఫోన్‌లో ఊరికే దొరుకుతోంది కదా అంటారు. నిజమే, దొరుకుతుంది. కానీ ఈ నెల ఏం చేయాలో మనకంటే ముందు ఆలోచించి, వరస పెట్టి, తప్పులు దిద్ది గుమ్మంలోకి పంపేవాళ్లు ఒకరుండటం వేరు.

ఆడవాళ్ల కోసం, ఇంటి కోసం పత్రికలు నడపడం మనకు కొత్త కాదు. 1902లోనే ‘హిందూసుందరి’ వచ్చింది. 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి ‘గృహలక్ష్మి’ మొదలుపెట్టారు. ఇవాళ ఇంటి అలంకరణ పేరుతో వచ్చేవాటిలో ఎక్కువ భాగం పెద్ద హాళ్లు, ఖరీదైన సోఫాల ఫొటోలే. రెండు గదుల అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాల్సినవాళ్లకు వాటిలో పనికొచ్చేది తక్కువ. అలాంటివి బార్బర్ షాపులో తిరగేస్తే సరిపోతుంది.

తోట పత్రికలతో ఇంకో చిక్కుంది. ఇంగ్లండ్‌లో అచ్చయ్యే పత్రిక మే నెలలో టమాటా నారు బయట నాటమంటుంది, అక్కడ మంచు వెనక్కి తగ్గే కాలం కాబట్టి. మనకు మే చివర రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండలో డాబా మీద ఆ నారు సాయంత్రానికి వాడిపోతుంది. మన కార్తెలు, మన నేలలు తెలిసిన ‘రైతునేస్తం’ లాంటి తెలుగు పత్రికే మిద్దె తోటకు మేలు. దాన్ని నడిపిస్తున్న యడ్లపల్లి వెంకటేశ్వరరావుగారికి 2019లో పద్మశ్రీ వచ్చింది.

చేతిపనుల పత్రికల్ని నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: ‘ఎందుకు’ అన్నది చెబుతోందా? కలంకారీనే తీసుకోండి. గుడ్డను పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో నానబెట్టాలని ఎవరైనా రాస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అలుక్కుపోకుండా గీసిన గీతలోనే నిలుస్తుందని, కరక్కాయ లేకపోతే ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిం నల్లగా తిరగదని రాసినవాళ్లే ఆ పని తెలిసినవాళ్లు. కారణం తెలిస్తే పొరపాటు జరిగినప్పుడు మనమే సరిదిద్దుకోగలం.

కుట్టుపని ఇష్టమున్నవాళ్లకు జర్మనీ పత్రిక ‘బుర్డా’ సంగతి చెప్పాలి. 1950లో ఎన్నె బుర్డా మొదలుపెట్టింది. 1952 నుంచి బట్టలు కత్తిరించుకునే నమూనా కాగితాలు జతచేస్తున్నారు. ఆ కాగితం విప్పితే కళ్లు తిరుగుతాయి. ఒకదాని మీద ఒకటిగా ఎన్నో నమూనాల గీతలు రైలు పట్టాల్లా అల్లుకుని ఉంటాయి. మన సైజు గీతను పట్టుకుని ట్రేసింగ్ పేపరు మీదికి ఎత్తుకోవాలి. కుట్టుకు వదిలే గుడ్డ అందులో కలిసి ఉండదు, మనమే కలుపుకోవాలి. అది గమనించక కత్తిరించి మా చెల్లెలు మొదటి గౌను పాడుచేసింది. రెండోది ఇప్పటికీ తొడుక్కుంటోంది. చీర మీదికి జాకెట్టు కావాలంటే మాత్రం అందులో వెతక్కండి, మీ వీధి టైలరు దగ్గరే నేర్చుకోండి. ఇలాంటి పత్రికను ట్యాబ్‌లో చదివి లాభం లేదు, అసలు సైజు కాగితం చేతిలో ఉండాలి.

చిత్రకళ దగ్గర మనిషిని చూసి ఎంచాలి. బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న పిల్లకు ‘మార్గ్’ తెప్పిస్తే ఒకసారి తిరగేసి పక్కన పెడుతుంది. గుళ్ల శిల్పం ముందు గంటసేపు నిలబడిపోయే తాతగారికి అదే ప్రాణం. 1946లో ముల్క్‌రాజ్ ఆనంద్ బొంబాయిలో పెట్టిన పత్రిక అది. ఆ సంస్థ 1979లో కలంకారీ మీదే ఒక సంపుటం వెలువరించింది. ఖరీదెక్కువ. అందుకే ముందు గ్రంథాలయంలో పాత సంచికలున్నాయేమో చూడమంటాను.

జంతు ప్రేమ కూడా ఒక్క రకం కాదు. పాడి గేదెలున్న ఇంటికి ‘పశునేస్తం’ కావాలి. అడవులంటే ఇష్టమున్న పిల్లలకు బిట్టూ సెహగల్ 1981లో మొదలుపెట్టిన ‘శాంక్చువరీ ఏషియా’ వైపు దారి చూపండి. 1883 నాటి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యత్వం తీసుకుంటే ‘హార్న్‌బిల్’ అందుతుంది. కుక్కల పెంపకం మీద విదేశీ పత్రికలు చలికాలం జాగ్రత్తలే ఎక్కువ చెబుతాయి. మన వేసవిలో కుక్కను ఎలా కాపాడుకోవాలో పశువైద్యుణ్ణి అడగడమే మంచిది.

పక్షుల విషయంలో మనం గర్వపడొచ్చు. హైదరాబాద్‌కు చెందిన ఆశీష్ పిట్టీ సంపాదకత్వంలో 2004లో మొదలైన ‘ఇండియన్ బర్డ్స్’ను ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. రూపాయి కట్టనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ బర్డ్ వాచర్స్ సొసైటీ తన వార్తాలేఖకు ‘పిట్ట’ అని పేరు పెట్టుకుంది. ప్రపంచ పక్షిశాస్త్రంలో ఒక పక్షి కుటుంబానికి ఉన్న పేరు కూడా మన ‘పిట్ట’ నుంచి వెళ్లిందే. ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లల కళ్లు మెరవడం చూస్తుంటాను.

ఇక డబ్బు సంగతి. మూడేళ్లకు కడితే సగానికి సగం తగ్గింపు అంటే ఆశపడి ఒక పత్రికకు కట్టాను. అయిదు సంచికలొచ్చాయి, ఆరోది రాలేదు, ఫోన్ ఎత్తేవాళ్లూ లేరు. అప్పటి నుంచి కొత్త పత్రికైతే ఒక్క ఏడాదే కడుతున్నాను. కట్టే ముందు విడిగా రెండు మూడు సంచికలు కొని చూస్తాను. సంపాదకుడు, ప్రచురణకర్త, ముద్రాపకుల పేర్లు, రిజిస్ట్రేషన్ నంబరు లోపల ఉన్నాయో లేదో వెతుకుతాను. 1867 నాటి పత్రికల చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పటికీ ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు చందా కట్టే ముందు స్థానిక గ్రంథాలయం కార్డు తీసుకుని ‘లిబ్బీ’ యాప్ తెరిచి చూడండి. చాలా పత్రికలు అందులోనే ఉచితంగా దొరుకుతాయి.

చందా ముగిసే నెలలో మా ఇంట్లో ఒక అలవాటుంది. ఆ ఏడాది సంచికలన్నీ మంచం మీద పరుస్తాం. పోయిన ఉగాదికి అలాగే పరిస్తే చెల్లెలి కుట్టు పత్రికల్లో తొమ్మిదింటికి పెన్సిల్ గీతలు పడ్డాయి, రెండింటి నమూనా కాగితాలు చిరిగి టేపు అతికించి ఉన్నాయి. నేను ముచ్చటపడి తెప్పించుకున్న ఇంటి అలంకరణ పత్రికలో నాలుగింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. చెల్లెలి పత్రికకు ఆ సాయంత్రమే మళ్లీ డబ్బు పంపాం.